జనవరిలో న్యూజెర్సీ నుంచి ఫ్లోరిడాకి ఆర్‌వీలో: దారి కన్నా ముందు నీళ్ళ సంగతి

"ఇద్దరం రిటైరయ్యాం, ఎడిసన్‌లో ఉంటాం. సంక్రాంతి అయ్యాక ఆర్‌వీలో ఫ్లోరిడా వెళ్ళి మార్చి చివరిదాకా ఉందామనుకుంటున్నాం. ఏ దారిన వెళ్ళమంటారు?" అని అడిగారు. దారి సంగతి కూడా చెబుతాను. కానీ ఆర్‌వీ అంటే వంటిల్లు, పడక, టాయిలెట్ ఉన్న చక్రాల ఇల్లు కాబట్టి, దానికన్నా ముందు తేల్చుకోవాల్సింది నీళ్ళ సంగతి.

నన్నడిగితే సంక్రాంతి దాకా ఆగొద్దు. నవంబరు మొదటి పక్షంలో కదిలితే సగం తలనొప్పులు ఉండవు. మనవలతో క్రిస్మస్ సెలవులు గడపాలని ఉంటే బండిని నవంబరులోనే ఫ్లోరిడాలో నెలవారీ అద్దెకు పెట్టి, డిసెంబరులో విమానంలో వచ్చి వెళ్ళండి. అదీ కుదరక జనవరిలోనే బయల్దేరాల్సి వస్తే పైపుల్లో చుక్క నీరు లేకుండా బయల్దేరండి.

ఎందుకంటే 32 డిగ్రీల ఫారెన్‌హీట్ కిందికి దిగితే నీరు గడ్డకట్టి ఉబ్బుతుంది. ప్లాస్టిక్ పైపు కొంత సాగి తట్టుకుంటుంది గానీ దాని జాయింట్లు, పంపు తల, టాయిలెట్ వాల్వు, బయటి షవరు పగులుతాయి. ఆ పగులు అప్పుడు కనిపించదు. ఫ్లోరిడాలో నీళ్ళు ఎక్కించాక నేలకింద తడిగా తెలుస్తుంది. బండి నడుస్తున్నప్పుడు ఇంకా ప్రమాదం: గంటకు 60 మైళ్ళ గాలి అడుగుభాగాన్ని కోస్తుంటుంది, బండిని వెచ్చగా ఉంచే గ్యాసు ఫర్నేసేమో ఆపి ఉంటుంది.

చేయాల్సిన పని ఇది. ట్యాంకులు, వాటర్ హీటరు, అడుగున ఉండే డ్రెయిన్లు ఖాళీ చేయండి. హీటరు చల్లారి, ఒత్తిడి పోయాకే దాని మూత విప్పాలి. ఫిల్టరు కార్ట్రిజ్ తీసేయండి. హీటరును బైపాస్‌లో పెట్టండి, అంటే దాన్ని తప్పించి పక్క పైపుగుండా పోయేలా చేయండి, లేకపోతే ఆరు నుంచి పది గ్యాలన్ల యాంటీఫ్రీజ్ (చలికి గడ్డకట్టని ద్రవం) దాని కడుపులోకే పోతుంది. తర్వాత పంపుతో గులాబీ రంగు ఆర్‌వీ యాంటీఫ్రీజ్ లాగించి ఒక్కొక్క కుళాయి, వేడిదీ చల్లదీ, గులాబీ రంగు వచ్చేదాకా తిప్పండి. బయటి షవరు, టాయిలెట్ ఫ్లష్ మరవొద్దు. ప్రతి సింకు గొట్టంలో ఒక కప్పు పోయండి. మామూలు బండికి రెండు మూడు గ్యాలన్లు చాలు. కారు రేడియేటరులో పోసే యాంటీఫ్రీజ్ మాత్రం విషం, దాన్ని ఈ పైపుల్లోకి రానివ్వొద్దు. దారిలో తాగడానికి, వంటకి లోపల డబ్బాల్లో నీళ్ళు పెట్టుకోండి. టాయిలెట్‌లో పోయడానికి ఇంకో డబ్బా యాంటీఫ్రీజ్ ఉంచుకోండి.

ఇక మొదటి రాత్రి. వర్జీనియాలో ఎక్కడో, బయట 18 డిగ్రీలు, కరెంటు కనెక్షన్ లేని పార్కింగులో ఆగారనుకోండి. గంటకు 30,000 బీటీయూల (వేడికి కొలత) ఫర్నేసు ఆగకుండా మండితే గ్యాలన్ ప్రొపేన్ మూడు గంటలు వస్తుంది. అంత చలిలో సగం సేపు మండుతుంది కాబట్టి పన్నెండు గంటల రాత్రికి రెండు గ్యాలన్లు. 20 పౌండ్ల సిలిండర్లు రెండుంటే గ్యాసుకు లోటు లేదు. లోటు బ్యాటరీకి. ఫర్నేసు ఫ్యాను ఏడెనిమిది ఆంపియర్లు లాగుతుంది, ఆరు గంటలకి 45 ఆంపియర్-అవర్లు (బ్యాటరీ నిల్వకి కొలత). కొత్త బండితో డీలరు ఇచ్చే ఒంటి లెడ్-యాసిడ్ బ్యాటరీలో వాడుకోదగ్గది సుమారు 50, చలిలో అదీ తగ్గిపోతుంది. తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలకి వోల్టేజి పడిపోతుంది. ఫ్యాను నీరసంగా తిరుగుతుంది, గాలి వేగాన్ని పసిగట్టే స్విచ్చు మూసుకోదు, గ్యాసు వాల్వు తెరుచుకోదు. సిలిండరు నిండా గ్యాసుంటుంది, బండిలో మాత్రం మంచు. అప్పుడు చాలామంది చేసే పని పొయ్యి వెలిగించి కూర్చోవడం. దయచేసి అది చేయొద్దు, కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. లక్షల డాలర్ల బళ్ళకి కూడా ఒంటి బ్యాటరీ బిగించి అంటగట్టడం నాకు అస్సలు నచ్చని విషయం. ఆరు వోల్టుల గోల్ఫ్ కార్ట్ బ్యాటరీలు రెండు సిరీస్‌లో కలిపితే మొత్తం 220 దాకా వస్తుంది, అందులో వాడుకోదగ్గది సగం. లిథియం వేయిస్తే లోపలి భాగంలోనే పెట్టించండి. 32 డిగ్రీల కింద దాన్ని చార్జ్ చేస్తే సెల్స్ పాడవుతాయి.

అన్నిటికన్నా తేలిక మార్గం మొదటి రెండు రాత్రులు కరెంటున్న సైటు తీసుకోవడం.

ఇప్పుడు దారి. మీకు ఐ-95 హైవే దగ్గర. కానీ బాల్టిమోర్ దగ్గర ఫోర్ట్ మెక్‌హెన్రీ సొరంగంలోకీ, ఐ-895 మీది హార్బర్ సొరంగంలోకీ పది పౌండ్లు మించిన ప్రొపేన్ సిలిండరుతో వెళ్ళనివ్వరు. పూర్వం ఐ-695 మీది కీ బ్రిడ్జి ఎక్కేవాళ్ళు, అది 2024 మార్చి 26న ఓడ ఢీకొని కూలిపోయింది. కాబట్టి ఐ-695లో పడమటి వైపు చుట్టి మళ్ళీ ఐ-95 కలవండి. మామూలు ఫోన్ మ్యాపుకి మీ బండిలో గ్యాసుందని తెలీదు, సొరంగంలోకే తోలుతుంది. 2022 జనవరి మొదట్లో ఫ్రెడరిక్స్‌బర్గ్ దగ్గర మంచుకి వందల బళ్ళు ఐ-95 మీద రాత్రంతా ఇరుక్కుపోయాయి. అందుకే ఇంధనం సగం కన్నా తగ్గనివ్వొద్దు, రోజుకి 250, 300 మైళ్ళు మించొద్దు.

టైర్లకి అరుగుదల కాదు, వయసు చూడండి. టైరు పక్కన అచ్చేసిన డాట్ కోడ్‌లో చివరి నాలుగంకెలు 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. ఆరేడేళ్ళు దాటితే గాడులు ఎంత లోతుగా ఉన్నా మార్చేయాలి. గాలి పొద్దున్నే, బండి కదలకముందు చూసుకోవాలి.

ఫ్లోరిడా చేరాక కూడా తొందరపడొద్దు. ఉత్తర ఫ్లోరిడాలోనూ జనవరిలో గడ్డకట్టే రాత్రులుంటాయి. యాంటీఫ్రీజ్ కడిగేశాక 15 గ్యాలన్ల ట్యాంకుకి పావు కప్పు వాసన లేని బ్లీచ్ నీళ్ళలో కలిపి పోసి, కుళాయిలన్నిటిలో ఆ వాసన వచ్చేదాకా తిప్పి, రాత్రంతా ఉంచి బాగా కడగండి. హీటరు నిండి వేడి కుళాయిలో నీళ్ళు ధారగా వచ్చేదాకా దాని కరెంటు స్విచ్ వేయొద్దు, ఖాళీ హీటరులో ఎలిమెంటు వెంటనే కాలిపోతుంది.

స్టేట్ పార్కులు నమ్ముకోకండి. బయటి రాష్ట్రాలవాళ్ళకి బుకింగు పది నెలల ముందు తెరుస్తారు, ఫ్లోరిడావాళ్ళకి పదకొండు. అంటే మంచి సైట్లు మీకన్నా ముందే పోతాయి. ప్రైవేటు పార్కులో నెలవారీ తీసుకోండి. కరెంటు బిల్లు విడిగా ఉంటుందా, పదేళ్ళు దాటిన బండిని రానిస్తారా, 55 దాటినవాళ్ళకే కేటాయించిన పార్కయితే మనవలు ఎన్ని రోజులు ఉండొచ్చు, ఈ మూడూ ముందే అడగండి.

వంట గురించి ఎవరూ చెప్పరు. 30 ఆంపియర్ల సైటులో మొత్తం 3600 వాట్లే. ఇండక్షన్ పొయ్యి 1800, గది హీటరు 1500 వేసి మిక్సీ తిప్పితే బ్రేకరు పడుతుంది. అన్నం, పప్పు ఉడికేటప్పుడు పైకప్పు ఫ్యాను తెరవకపోతే ఆవిరి కిటికీల మీద కారి బూజు పడుతుంది. గంజి, నూనె, చింతపండు పిప్పి సింకులో పోస్తే ఆ నీళ్ళు చేరే గ్రే ట్యాంకు వారంలో కంపు కొడుతుంది. టాయిలెట్‌ది చేరే బ్లాక్ ట్యాంకు వాల్వు మాత్రం మూసే ఉంచండి. మూడింట రెండు వంతులు నిండాకే వదలాలి, లేకపోతే నీరు జారిపోయి గట్టిది గుట్టకడుతుంది.

తిరుగు ప్రయాణంలో ఫ్లోరిడాలో కొన్న కరివేపాకు మొక్క, కొమ్మ, ఆకు ఏదీ తేవొద్దు. నారింజ, నిమ్మ తోటల్ని నాశనం చేస్తున్న గ్రీనింగ్ తెగులును మోసే పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది. అందుకే ఆ రాష్ట్రం దాటించడం మీద క్వారంటైన్ ఉంది.