చిట్టీ, ఆ ముప్ఫై మందిని పిలవకు

చిట్టీ,

వచ్చే నెల మీ ఫ్రిస్కో ఇంటికి విదేశీ ఆఫీసర్లని భోజనానికి పిలుస్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. విన్నప్పట్నుంచీ కనపడ్డ వాళ్ళందరికీ చెప్పుకుంటున్నా, మా పిల్ల ఎంత ఎదిగిందో చూశారా అని. తర్వాత మీ అమ్మే మెల్లిగా అంది, ముప్ఫై మందిని పిలుస్తోందటే, బిర్యానీ కేటరింగట, ఎవరో పాటలు కూడా పాడతారట అని. అప్పట్నుంచి నాకు నిద్ర పడితే ఒట్టు.

ముప్ఫై మంది ఎందుకే? గృహప్రవేశమా? వచ్చే ఆ నలుగురూ పగలంతా మీటింగుల్లో కూర్చుని, ప్రతివాడికీ నవ్వి నవ్వి దవడలు నొప్పెట్టి వస్తారు. మళ్ళీ మీ కాలనీ వాళ్ళందరూ వరసగా వచ్చి చేతులు కలపడాలు, సెల్ఫీలు అంటే వాళ్ళ ప్రాణాలు పోవూ. వాళ్ళు, మీ ఇంట్లోవాళ్ళు, ఇంటర్‌ప్రెటర్, అంతే. మీ అత్తగారు గుంటూరు నుంచి వచ్చున్నారుగా, ఇంగ్లీష్ రాదని ఆవిడని పై గదిలో ఉంచేయకు, టేబుల్ దగ్గరే కూర్చోబెట్టు. వచ్చేవాళ్ళలో సగం మందికి కూడా రాదు, ఆవిడతోనే ముందు కలిసిపోతారు చూడు.

నువ్వు పెట్టుకున్నది చిన్న పనేం కాదు. వాళ్ళొచ్చే ఈ ఇంటర్నేషనల్ విజిటర్ ప్రోగ్రామ్, అంటే అమెరికా ప్రభుత్వం వేరే దేశాల వాళ్ళని పిలిచి ఇక్కడి ఊళ్ళు, పనులు చూపించేది, 1940 నుంచి ఉంది. దానికి అప్లై చేసుకునేదేం ఉండదు, ఆయా దేశాల్లో ఉన్న అమెరికన్ ఎంబసీలే మనుషుల్ని ఎంచి పంపిస్తాయి. వాషింగ్టన్‌లో మొదలెట్టి ఓ మూడు వారాలు ఊళ్ళు తిరుగుతారు, ప్రతి ఊళ్ళోనూ మనలాంటి వాలంటీర్లే చూసుకోవాలి. 1966లో అన్వర్ సాదత్, 1967లో మార్గరెట్ థాచర్ ఇలాగే వచ్చారు, అప్పటికి ఆయన ఈజిప్టు ప్రెసిడెంటూ కాదు, ఆవిడ ప్రధానీ కాదు. ఎవరింట్లో ఏం తిన్నారో ఏంటో! కాబట్టి ఎవర్నీ తక్కువ అంచనా వెయ్యకు.

వంట సంగతి నీకు చెప్పక్కర్లేదు, హలాలా, వెజ్జా, పల్లీల ఎలర్జీ ఉందా అన్నది వాళ్ళని మీ ఇంటికి పంపే ప్రోగ్రామ్ కోఆర్డినేటర్‌ని ముందే అడుగు, కారం సగానికి సగం తగ్గించు. ఆవకాయ సీసా గిఫ్ట్‌గా ఇస్తానని మాత్రం అనకు, అవతల ఇంకో ఊరికి ఫ్లైటెక్కాలి వాళ్ళు, సూట్‌కేసులో నూనె కారితే అంతే సంగతులు. చిన్న కొండపల్లి బొమ్మ చాలు, బరువుండదు. హోటల్ నుంచి తీసుకురావడానికి మీ ఆయన్ని అరగంట ముందే పంపు. ఎవరైనా పక్కకి పిలిచి ఇక్కడే ఉండిపోవడం ఎలా అని అడిగితే నువ్వు ఇమ్మిగ్రేషన్ లాయర్ అవతారం ఎత్తకు, అది కోఆర్డినేటర్ చూసుకుంటారు.

ఇంటర్‌ప్రెటర్‌కి ఒక ప్లేటు విడిగా తీసి మూతపెట్టి ఉంచు. అందరూ తింటుంటే వాళ్ళు మాట్లాడుతూనే ఉండాలి, చేతిలో చపాతీ ముక్క పట్టుకుని కూర పక్కన అలాగే ఆపేస్తారు పాపం, ఇటు తిరిగి చెప్పేలోపు అటునుంచి ఇంకో ప్రశ్న. మధ్యలో ఓ పది నిమిషాలు ఎవరూ ఏమీ అడక్కుండా తిననివ్వు.

ఇక అసలు సంగతి. మీ పెదనాన్న చేసిన పని నీకెప్పుడూ చెప్పలేదు, ఆయన ఒప్పుకోబట్టే ఇప్పుడు రాస్తున్నా. ఇక్కడ క్లీవ్‌లాండ్‌లో మా ఇంటికి నీళ్ళు, పర్యావరణం చూసే ఆఫీసర్లు వచ్చారు. ఏ దేశమో ఇప్పటికీ రాయను. ఈయన ఊరుకుంటాడా, 1969లో ఇక్కడి కయహోగా నదికి నిప్పంటుకున్న కథ ఎత్తుకున్నాడు, నూనె తెట్టు ఎలా అంటుకుందీ, దేశమంతా ఎలా గొడవైందీ, మరుసటేడు ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ ఎలా వచ్చిందీ. అక్కడిదాకా బానే ఉంది. అక్కడితో ఆగొచ్చుగా! మీ దగ్గర నది ఇలా అయితే పేపర్లో రాయనిస్తారా అని అడిగాడు. అందర్లోకీ చిన్నవాడు, నీ వయసుంటుందేమో, ఉన్నదున్నట్టు చెప్పేశాడు, ఫలానా ఫ్యాక్టరీ, అది ఫలానా పెద్దాయన బావమరిదిది అని. వాళ్ళల్లో పెద్దాయన స్పూన్ కింద పెట్టేశాడు, మిగతా ఇద్దరూ ప్లేట్లలోకి చూస్తూ కూర్చున్నారు. ఇంటర్‌ప్రెటర్ సగమే చెప్పి ఆపేసింది. నాకు అర్థమై పాయసం తెస్తానని లేచా, ఈయనకి అర్థమైతేగా! రాత్రికి ఆ కుర్రాడి భుజం మీద చెయ్యేసి దిగిన ఫోటో ఫేస్‌బుక్‌లో పెట్టి, ఎంత ధైర్యవంతుడో అని వాడన్న మాట కింద రాశాడు, ఏ ఊళ్ళో పనిచేస్తాడో కూడా. పొద్దున్నే కోఆర్డినేటర్ ఫోన్, వెంటనే తీసెయ్యండి అని. తీసేశాడు, కానీ అప్పటికే కొందరు షేర్ చేసేశారు. ఆ కుర్రాడికి ప్రతి న్యూ ఇయర్‌కీ మెయిల్ పెడతా, ఒక్కసారీ జవాబు రాలేదు. ఉద్యోగం మారాడేమో, మెయిల్ మారిందేమో, ఏమో. పెదనాన్న ఆ మాటెత్తితే లేచి గరాజ్‌లోకి వెళ్ళిపోతాడు.

నువ్వు కాసేపు సరదాగా గడుపుతావు, వాళ్ళు మాత్రం ఒకే ఆఫీసుకీ ఒకే బాస్ కిందకీ తిరిగెళ్ళాలి, పక్కన కూర్చున్నవాళ్ళు ఏం మోసుకెళ్తారో మనకేం తెలుసు. అందుకని ఫోటో తీసుకోవాలంటే వాళ్ళనే అడుగు, వాళ్ళ ఫోన్లోనే తియ్యి, నీ ఇన్‌స్టాలో వద్దు. వాళ్ళ ప్రెసిడెంట్ గురించి, ఎలక్షన్ల గురించి నువ్వుగా ఎత్తకు, మీ ఆయన్నీ ఎత్తనివ్వకు, ఆయన మాటల్లో పడితే ఆగడని నాకు తెలుసు. పిల్లల గురించి అడుగు, పెళ్ళిళ్ళు ఎలా చేస్తారో అడుగు, మీ అత్తగారి చేత గుత్తివంకాయ ఎలా చేస్తారో చెప్పించు.

నువ్వు మిస్సోరీలో ఎమ్మెస్‌కి వచ్చిన ఏడాది థ్యాంక్స్‌గివింగ్‌కి ఎవరో ముసలి దంపతులు వాళ్ళింటికి తీసుకెళ్ళారు, గుర్తుందా? రాత్రి ఫోన్ చేసి ఏడ్చావు. ఏమైందే అంటే, పెద్దమ్మా వాళ్ళు నన్ను ఏమీ అడగలేదు, కుక్కతో ఆడుకోనిచ్చి బంగాళదుంపలు పెట్టారు అన్నావు. ఇప్పుడు నువ్వు ఇంకొకళ్ళకి వండి పెడుతున్నావంటే నాకు ఎలా ఉందో నీకెలా చెప్పనే.

గెస్టుల లిస్టూ, ఏం తినరో ఆ కాగితమూ రాగానే నాకు వాట్సాప్ చెయ్యి, మెనూ ఇద్దరం కలిసి వేద్దాం. కేటరింగ్ వాడికి అడ్వాన్స్ ఇచ్చేసి ఉంటే వెనక్కి అడుగు, మొహమాటపడకు.

పెద్దమ్మ