సామాను కొనే ముందు మీ ఇద్దరి బీమా చూసుకోండి

ప్రశ్న: చలికాలం వచ్చిందంటే మావారూ నేనూ స్కీలు కట్టుకుని, లిఫ్టులూ రిసార్టులూ లేని మంచుకొండల్లోకి వెళ్లి, అక్కడే టెంటు వేసుకుని రెండు మూడు రాత్రులు ఉండి వస్తాం. ఇద్దరం ఉద్యోగస్తులం. ఇంటి డౌన్‌పేమెంట్ కోసం పొదుపు చేస్తున్నాం. ఇప్పటిదాకా సామానంతా అద్దెకే తీసుకున్నాం. ఈసారి మొత్తం కొనేద్దాం, క్రెడిట్ కార్డు మీద 12 నెలల ఈఎంఐ పెట్టుకుందాం అంటున్నారు ఆయన. ఇల్లు వెనక్కి వెళ్లిపోతుందని నా టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: ట్రిప్పులు మానకండి, ఈఎంఐ మాత్రం వద్దు. ఇష్టంగా చేసే పనికి ఖర్చు పెట్టడం తప్పని నేను అనను. కానీ మీరు సామాను గురించి అడిగారు, నాకు మాత్రం చదువుతుంటే భయం వేసింది ఇంకోదానికి. మీ ఇంటికి వచ్చే రెండు జీతాలూ ఒకే రోజు, ఒకే మంచు వాలు మీద ఉంటున్నాయి.

అందుకే ముందు బీమా పాలసీలు బయటికి తీయండి. చాలా ప్రయాణ బీమాల్లో గుర్తించిన స్కీ మార్గాలు దాటి వెళ్తేనో, గైడు లేకుండా వెళ్తేనో, ఒక ఎత్తు మించితేనో క్లెయిము ఇవ్వరు. ఆస్పత్రి ఖర్చు వేరు, కొండ మీద వెతికి హెలికాప్టర్లో కిందికి దించే ఖర్చు వేరు, ఈ రెండోది మీ పాలసీలో ఉందా లేదా అని కంపెనీకి మెయిల్ రాసి జవాబు రాతపూర్వకంగా తెప్పించుకోండి. టర్మ్ పాలసీ దరఖాస్తులో సాహస క్రీడల గురించి అడిగితే ఉన్నదున్నట్టు చెప్పండి, ప్రీమియం కాస్త పెరిగినా సరే, ఎందుకంటే దాచిపెట్టిన సంగతి బయటపడితే క్లెయిమే పోవచ్చు. ఇంకో ముఖ్యమైన మాట. మీకు ఆయన, ఆయనకు మీరు నామినీలైతే, ఇద్దరికీ ఒకేసారి ఏదైనా జరిగితే ఆ డబ్బు ఎవరికి చేరాలి? రెండో నామినీ పేరు చేర్చండి, వీలునామా కూడా రాసి పెట్టండి. మనసుకి కష్టంగానే ఉంటుంది, అయినా రాయండి.

మోకాలి లిగమెంటు తెగి ఆపరేషన్ దాకా వెళ్తే మళ్లీ స్కీ ఎక్కడానికి సాధారణంగా ఆరు నెలల పైనే పడుతుంది. రెండు జీతాలున్న ఇంటికి మూడు నెలల ఖర్చు అత్యవసర నిధిగా చాలంటారు గానీ, మీకు నేను ఆరు నెలలదే చెప్తాను.

ఇక సామాను. ట్రాన్సీవర్ (మంచు కింద పూడుకుపోయిన మనిషి ఎక్కడున్నారో సిగ్నల్‌తో చూపే, ఒంటికి కట్టుకునే పరికరం), ప్రోబ్ (మంచులోకి గుచ్చి చూసే పొడవాటి కడ్డీ), పార ఇద్దరికీ చెరొక సెట్ ఉండాల్సిందే, ఇక్కడ పొదుపు మాటే వద్దు. ట్రాన్సీవర్లన్నీ 457 కిలోహెర్ట్జ్ అనే ఒకే ఫ్రీక్వెన్సీ మీదే పనిచేస్తాయి కాబట్టి ఇద్దరికీ ఒకే బ్రాండ్ కొనాలని లేదు, కానీ పాతవి ఎవరో చవగ్గా ఇస్తున్నారని తీసుకోకండి, మూడు యాంటెనాలున్నది కొత్తదే కొనండి. వీటికన్నా ముందు ఇద్దరూ అవలాంచ్ (కొండ మీది మంచు ఒక్కసారిగా విరిగి కిందికి జారిపడటం) భద్రత కోర్సు చేయండి. మంచు కింద పూడుకుపోయిన మనిషిని 10, 15 నిమిషాల్లో తీయగలిగితే బతికే అవకాశం బాగా ఉంటుంది, ఆ తర్వాత గబగబా పడిపోతుంది. అంతలోపు బయటి నుంచి సాయం రావడం దాదాపు జరగని పని. మీరు వెళ్లేది ఇద్దరే, అంటే మిమ్మల్ని తవ్వి తీయాల్సింది ఆయనే, ఆయన్ని మీరే. ఈ బడ్జెట్‌లో అన్నిటికన్నా విలువైన ఖర్చు ఆ కోర్సు ఫీజే.

బూట్లు కొనండి, అద్దె బూట్లు కాలికి సరిగ్గా పట్టవు. చలికి తగిన మంచి డౌన్ (పక్షుల మెత్తటి నూగు ఈకలు నింపిన) స్లీపింగ్ బ్యాగ్ కూడా కొనొచ్చు, నొక్కిపెట్టకుండా వదులుగా దాస్తే పదేళ్లకు పైగా వస్తుంది. మంచు మీద పడుకోవడానికి పరుపు ఆర్-విలువ (కింది చలిని ఎంత ఆపుతుందో చెప్పే అంకె) 5 దాకా ఉండాలి, అయితే రెండు పరుపులు ఒకదానిమీద ఒకటి వేస్తే విలువలు కలిసిపోతాయి, కాబట్టి ఇప్పుడున్న పరుపు కింద ఒక మామూలు ఫోమ్ పరుపు చేర్చి చూడండి. స్కీలు, కొండ ఎక్కేటప్పుడు వెనక్కి జారకుండా వాటి అడుగున అంటించే స్కిన్స్, చలికాలపు టెంటు మాత్రం ఇప్పటికి అద్దెకే కానివ్వండి. లెక్క సులువు: కొత్తదాని ధరలోంచి తర్వాత అమ్మితే వచ్చేది తీసేసి, మిగిలిన దాన్ని ఒక రోజు అద్దెతో భాగించండి. వచ్చిన అన్ని రోజులు మూడు చలికాలాల్లో నిజంగా వాడతారనుకుంటేనే కొనండి, అదీ సీజన్ అయిపోయి ధరలు తగ్గాక.

ఇంధనం ఖర్చు తక్కువ అంచనా వేయకండి. తాగే నీళ్లు కూడా మంచు కరిగించుకోవాల్సిందే, మామూలు బ్యూటేన్ సిలిండర్ సున్నా డిగ్రీల దగ్గరే మొరాయిస్తుంది, బాగా చలిలో ద్రవ ఇంధనపు స్టవ్ మేలు.

ఇవన్నీ కూడి 12తో భాగించి, జీతం పడిన మర్నాడే ఆ మొత్తం వేరే ఖాతాలోకి ఆటోమేటిక్‌గా వెళ్లేలా పెట్టండి. ఇంటి పొదుపు ఖాతా ముట్టుకోవద్దు. ఈ చలికాలానికి బీమా, కోర్సు, ట్రాన్సీవర్ సెట్లు, బూట్లు చాలు. ఖాతాలో డబ్బు చేరినకొద్దీ తర్వాత ఏం కొనాలో మీవారిని ఎంచుకోమనండి.