అన్నీ ఒకే పేరాలో వద్దు

తమ్ముడూ,

కాలిఫోర్నియా తీరంలో మాంటెరీ దగ్గర స్కూబా డైవ్ చేసొచ్చి నువ్వు రాసింది చదివాను. జూలై పొద్దున పొగమంచులో, సిలిండర్ మోసుకుంటూ సాన్ కార్లోస్ బీచ్ మెట్లు దిగడం దాకా చాలా బాగా వచ్చింది, ముఖ్యంగా వెట్‌సూట్ మెడ దగ్గర్నుంచి నీళ్లు వీపు మీదికి జారి ఊపిరి ఆగినంత పనైన ఆ ఒక్క వాక్యం. ఎండాకాలంలోనూ అక్కడ నీళ్లు 12, 13 డిగ్రీలే ఉంటాయని నువ్వు చెప్పకుండానే వణుకు పుట్టింది.

తీరా మునిగాక పేర్ల జాబితా మొదలుపెట్టావు. సీల్, లింగ్‌కాడ్ చేప, స్టార్‌ఫిష్, హెర్మిసెండా, అన్నీ ఒకే పేరాలో వచ్చి వెళ్లిపోయాయి. ఒక్కదాని దగ్గర ఆగు. ఆ హెర్మిసెండానే తీసుకో. వేలెడంత పెంకులేని సముద్రపు నత్త, హైడ్రాయిడ్లనే చిన్న సముద్ర జీవులను తిని వాటి కుట్టే కణాలను అరిగించుకోకుండా తన వీపు మీది కుచ్చుల కొసల్లో దాచుకుంటుంది, ఎవరైనా కొరికితే అవే కాపాడతాయి. అది ఎటు పాకింది, నీళ్లు అటూ ఇటూ ఊగినప్పుడు రాయిని ఎలా పట్టుకుంది, నువ్వెంతసేపు చూశావు? నాకు అవి కావాలి.

"ఎర్రటి స్టార్‌ఫిష్" అన్నావు. పది మీటర్ల లోతులో ఎరుపు దాదాపు కనపడదు, నీళ్లు ముందు మింగేసేది ఆ రంగునే. టార్చి వేశావా? వేస్తే, మట్టి రంగులో ఉన్నది వెలుతురు పడగానే ఎర్రబడటం రాయి. వేయకపోతే మట్టి రంగనే రాయి. ఇంటికొచ్చి ఫోటోలో చూసిన రంగు అక్కడ పెట్టొద్దు.

కెల్ప్, అదే ఆ పొడవాటి సముద్రపు నాచు, పలచబడ్డ చోట రాళ్ల నిండా ఒళ్లంతా ముళ్లుండే ఊదా రంగు సీ అర్చిన్లున్నాయని ఒక్క ముక్కలో తేల్చేశావే, నాకు అన్నిటికంటే ముఖ్యం అది. వాటిని తినే సన్‌ఫ్లవర్ స్టార్, 24 దాకా చేతులుండే పెద్ద స్టార్‌ఫిష్, 2013లో మొదలైన జబ్బుకి కాలిఫోర్నియా తీరంలో దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. కారణం ఒక విబ్రియో బ్యాక్టీరియా అని 2025లో గానీ తేలలేదు. తినేవి లేక, సముద్రం వేడెక్కిన ఏళ్లు కూడా తోడై, అర్చిన్లు కెల్ప్ మీద పడ్డాయి. నువ్వు చూడలేకపోయిన ఆ జీవి గురించి కూడా రాయాలి తమ్ముడూ, లేకపోతే ఆ రాళ్లు మొదట్నుంచీ అంతే బోడిగా ఉండేవనుకుంటారు చదివేవాళ్లు.

తిరగరాసి పంపు, ఈ వారంలోనే, ఆ చలి ఇంకా ఒంటికి గుర్తుండగానే.

ప్రేమతో,
అన్నయ్య