ఆంబోతును నిలుపుతున్న మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి, మామయ్య దీవెనలు.

కోడెను బండలాగుడు వాళ్లకు అమ్మకుండా ఊరి ఆవులను దాటించడానికి నిలుపుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మంచి పని. మన ఒంగోలు చుట్టుపక్కలే ఒంగోలు జాతి ఆంబోతు కోసం ఆవును ఆటోలో ఎక్కించుకుని ఊళ్లు తిరగాల్సి వస్తోంది. అయితే ఒక సంగతి ముందే చెబుతున్నా. ఆంబోతును మేపడం తేలిక, దాని కోసం వచ్చినవాళ్లను కాదని వెనక్కి పంపడమే కష్టం. మొహమాటం ఉన్నవాడికి ఈ పని అచ్చిరాదు.

కోడె రెండు పళ్ల మీద ఉందట. ఆవు కనిపిస్తే ఎగబడుతోంది కదాని అప్పుడే వదలకు. మూడేళ్లు నిండనీ. ఆ తర్వాత కూడా మొదటి ఏడాది వారానికి ఒక ఆవు చాలు. బాగా ముదిరాక కూడా వారానికి మూడు మించనివ్వకు.

ఈలోపు పశువుల డాక్టరు చేత రక్తపరీక్ష, వీర్యపరీక్ష చేయించు. మూపురం, గంగడోలు చూసి మురిసిపోతాం గానీ, కొన్ని పైన పటారం లోన లొటారం. వృషణాలు రెండూ సమానంగా ఉన్నాయా, చేత్తో పట్టుకుంటే గట్టిగా ఉన్నాయా చూడమను. పొట్ట కింది తొడుగు మరీ వేలాడుతుంటే ముళ్లకంపకు గీసుకుని పుండు పడుతుంది, అది కూడా చూపించు. ఇక వెనక కాళ్లు, గిట్టలు. ఆవు మీదికి లేచినప్పుడు బరువంతా ఆ కాళ్ల మీదే కదా. అందుకే బండలాగుడుకీ దీన్నే కడతానంటే నేను ఒప్పుకోను. రెండింట్లో ఏదో ఒకటే.

ఇప్పుడు అసలు విషయం. ఈసుకుపోయిన ఆవును, అంటే నెలలు నిండకుండానే దూడను పడేసిన ఆవును, నీ కొట్టం దరిదాపులకు కూడా రానివ్వకు. అది బ్రూసెల్లోసిస్ అనే అంటురోగం వల్ల కావచ్చు. ఆ రోగం ఉన్న ఆవును దాటితే నీ కోడెకు అంటుతుంది, దాన్నుంచి తర్వాత వచ్చే ఆవులకు పాకుతుంది. మనుషులకూ వస్తుంది, తగ్గుతూ తిరగబెడుతూ నెలల తరబడి జ్వరం లాగుతుంది. పూర్వం పోయిన పెద్దల పేరున కోడెకు అచ్చు వేసి ఊరి మీద వదిలేవారు. అది ఏ చేలో పడి మేసినా ఎవరూ కొట్టేవారు కాదు, ఊళ్లో ఆవులు దానితోనే చూడి కట్టేవి. రోగాల సంగతి తెలిశాక అలా వదలకూడదు. మానం నుంచి చీము తీగలు వేస్తున్న ఆవు, మాయ పడక ఇబ్బంది పడిన ఆవు వస్తే "ముందు డాక్టరుకు చూపించు బావా, తర్వాత తీసుకురా" అను. కోపం వస్తే రానీ. చిన్న పెయ్యలనూ కాదను, ఆరేడు వందల కిలోల బరువు వాటి నడుం మీద పడితే నిలవలేవు.

రెండోది, సమయం. పొద్దున ఎదకొచ్చిన ఆవును సాయంత్రం తెమ్మను, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున్నే. తీగ కోడిగుడ్డు తెల్లసొనలా స్వచ్ఛంగా సాగుతుండాలి, వేరే పశువు మీదికెక్కితే ఆవు కదలకుండా నిలబడాలి. ఒంగోలు ఆవుల్లో మూగ ఎద ఎక్కువ. అరవదు, మేత మానదు, రైతు కనిపెట్టలేడు. ఆంబోతు మాత్రం వాసన చూసి చెప్పేస్తుంది. ఆసుపత్రిలో సూది (కృత్రిమ గర్భధారణ) వేయించినా చూడి నిలవని ఆవులు నీ దగ్గరికి ఎక్కువగా వచ్చేది ఇందుకే.

దాటించే చోట నేల జారకూడదు. చిత్తడిగా ఉంటే ఇసుక పోయించు. ఆవును గుంజకు పొట్టి పలుపుతో కట్టి, రైతును దాని తల దగ్గర నిలబెట్టు. ముకుతాడు పగ్గం నీ చేతిలోనే ఉండాలి, కోడెకు ఎప్పుడూ వీపు చూపించకు. రాగానే వదలకు. కాసేపు వాసన చూడనిచ్చి, మొదటిసారి లేవబోతుంటే వెనక్కి లాగు, రెండోసారి వదులు. ఒక్క ఉదుటున వెనక కాళ్లు నేల విడిచాయా, పని అయిపోయినట్టే. "ఇంత దూరం వచ్చాం, ఇంకోసారి" అంటారు. ఆ రెండో దాటు వల్ల ఒరిగేదేమీ లేదు, కోడె అలిసిపోవడం తప్ప.

ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ఎవరొచ్చినా చల్లబడేదాకా ఆపు. మే నెల ఎండ దెబ్బ అప్పుడే తెలియదు. వీర్యం తయారవడానికి రెండు నెలలు పడుతుంది కాబట్టి జూన్, జులైలో దాటించిన ఆవులు తిరిగి పొర్లుతాయి, అంటే చూడి కట్టక మళ్లీ ఎదకొస్తాయి. కోడెకు గట్టి జ్వరం వచ్చినా అంతే, రెండు నెలలు సెలవు ఇచ్చెయ్.

మేపు గురించి నీకు చెప్పక్కర్లేదు. జొన్న చొప్ప, పచ్చిమేత, కొద్దిగా దాణా, లవణ మిశ్రమం. కొవ్వు పట్టనివ్వకు, రోజూ నడిపించు.

డబ్బులు దాటించిన రోజే తీసుకో. చూడి కట్టాక ఇస్తామంటే ఒప్పుకోకు, అవి రావు. ఇరవై ఒక్క రోజులకు తిరిగి పొర్లితే రెండోసారి ఉచితమని ముందే చెప్పు. మూడోసారీ పొర్లితే లోపం ఆవులో ఉండొచ్చు, ఆసుపత్రికి పంపు. బంధువుల దగ్గరా తీసుకో, నా దగ్గర కూడా.

ఒక నోట్‌బుక్ పెట్టు. తేదీ, రైతు పేరు, ఆవు చెవి పోగు మీది పన్నెండంకెల నంబరు, పుట్టింది కోడా పెయ్యా. 1960ల్లో కరవది పేరుతో మన ఆంబోతు ఒకటి బ్రెజిల్ వెళ్లింది. వాళ్లు నెలోరు అని పిలుచుకునే మందల్లో దాని సంతతి వరుస ఇప్పటికీ రాతలో ఉంది. ఇక్కడ మనకు తాత ఆంబోతు ఏదో కూడా తెలియదు! నీకు ఆ పుస్తకం ఇంకో అవసరానికి కావాలి. నాలుగో ఏటికి ఈ కోడెకు పుట్టిన పెయ్యలే ఎదకొచ్చి నీ గుమ్మం ముందు నిలబడతాయి. తండ్రికి కూతుర్ని కట్టకూడదు కదా. ఆ లోపే దీన్ని దూరపు ఊరికి మార్చి వేరే వరుస కోడెను తెచ్చుకోవాలి. చదలవాడ పశుక్షేత్రంలో, గుంటూరు దగ్గర లాం ఫారంలో ఒంగోలు మందలున్నాయి, ఇప్పుడే వెళ్లి అడిగి ఉంచు. రక్తపరీక్షకు వెళ్లే రోజు ఫోన్ చెయ్, నేనూ వస్తా.

మీ మామయ్య