కెన్యా ప్రయాణానికి ముందు

అమ్మలూ,

పన్నెండుమంది నర్సింగ్ పిల్లల్ని వెంటేసుకుని కెన్యా వెళ్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంతోషం. రెండుసార్లు పిల్లల్ని తీసుకెళ్లొచ్చినదాన్ని కాబట్టి నాలుగు ముక్కలు రాస్తున్నా, విసుక్కోకుండా చదువు.

ముందు ఒక రూల్ పెట్టుకో. గుంటూరు పెద్దాసుపత్రిలో మన సిస్టర్లు పిల్లల్ని ఏ పని ముట్టుకోనివ్వరో, అక్కడా అది ముట్టుకోనివ్వకు. అక్కడి వార్డులో చేతులు తక్కువ. "కాస్త రక్తం తీసిపెట్టు" అంటారు, మన పిల్ల పొంగిపోతుంది. నా మొదటి ట్రిప్పులో ఒక సెకండ్ ఇయర్ అమ్మాయి అలాగే ఒప్పుకుని, వాడిన సూదికి మళ్లీ మూత పెట్టబోయి వేలికి గుచ్చుకుంది. నాకు చెప్పలేదు. ఎలా చెబుతుంది? ముందురోజే చేతులు సరిగ్గా కడుక్కోలేదని అందరి ముందూ దాని మీద అరిచాను. మర్నాడు రాత్రి భోజనాల దగ్గర వేలు దాచుకుంటుంటే నేనే కనిపెట్టాను. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మాత్రలు 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, ఎంత త్వరగా అయితే అంత మంచిది. దాదాపు ముప్ఫై గంటలు నా నోటి దురుసు వల్ల పోయాయి. 28 రోజులు మాత్రలు మింగింది. పరీక్షల్లో ఏమీ రాలేదనుకో, కానీ ఆ నెలంతా నాకు కంటిమీద కునుకు లేదు. తిట్టాలనిపిస్తే పక్కకి పిలిచి తిట్టు. ఏం జరిగినా ముందు నాకు చెప్పండి, మిగతాది తర్వాత చూసుకుందాం అని రైలెక్కకముందే చెప్పు.

మరి అక్కడ చేసేదేంటంటావా? తినిపించడం, ఒళ్లు తుడవడం, బెడ్‌పాన్ తీయడం, పక్కన కూర్చోవడం. వెళ్లేలోపు ఆదివారాలు ఇక్కడి వార్డులోనే చేయించు. ముక్కు మూసుకునే పిల్ల నాలుగు రోజుల్లో అలవాటు పడుతుంది. పేషెంటుతో సెల్ఫీ దిగి స్టేటస్ పెట్టే పిల్లని మాత్రం తీసుకెళ్లకు.

స్వాహిలీలో "పోలే" అన్న మాట నేర్పించు. మన "అయ్యో పాపం" లాంటిది. మాతో వచ్చిన ఒక పిల్లకి ఆ ఒక్క మాటే వచ్చు. చెయ్యి పట్టుకుని అదే అనేది. ఎవరు పెట్టినా తినని ముసలమ్మ, ఈ పిల్ల చేత మాత్రం రోజూ కప్పు జావ తాగేది.

తిండికి బెంగ లేదు. ఉగాలి అంటే మొక్కజొన్న పిండి ముద్దే, సంకటి తిన్న నోటికి ఇట్టే పడుతుంది. ఆవకాయ ఒక్క సీసా చాలు. నాది సూట్‌కేసులో కారి తెల్లచీరలన్నీ ఎర్రబడ్డాయి.

మలేరియా మాత్రలు ఇంటికొచ్చాక కూడా డాక్టరు చెప్పినన్నాళ్లు వేసుకోవాలి, ఇల్లు చేరగానే మానేస్తారు వీళ్లు. ఎల్లో ఫీవర్ టీకా కనీసం 10 రోజుల ముందే పడాలి. టీకా వేసినట్టు ఇచ్చే పసుపు కార్డు లేకపోతే తిరిగొచ్చాక 6 రోజుల దాకా క్వారంటైన్‌లో పెడతారు. గుర్తింపు ఉన్న సెంటర్లలోనే వేస్తారు. మేం హైదరాబాద్ నారాయణగూడలో ఐపీఎం అనే ప్రభుత్వ సంస్థలో వేయించుకున్నాం. గుడ్డు పడనివాళ్లకి ఈ టీకా పడకపోవచ్చు, అలాంటివాళ్లెవరైనా ఉంటే ముందే కనుక్కో. హైదరాబాద్‌కి నీతో కలిపి పదమూడు టికెట్లు ఒకే రైల్లో దొరకాలంటే ఈ వారమే చూడు.

మీ పెద్దమ్మ
బ్రాడీపేట, గుంటూరు