డాల్డా డబ్బాలో బూడిద

నెల్లూరు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. రెండోసారి పనిగట్టుకుని ఇక్కడ కంసాలులుండే ఆచారి వీధికి పోయి, తెలిసినాయన కుంపటి పక్కన కూర్చుని చదివాను.

నీ సిద్ధుడు భైరవకోన గుహలో కళ్ళు మూసుకుని ఏదో జపిస్తాడు, రాగిబిళ్ళ బంగారమైపోతుంది. నాలుగు వాక్యాల్లో ముగించావు. ఆ తర్వాత పది పేజీలు ఆ బంగారం కోసం కొట్లాట. ఆ రాగి మారేటప్పుడు అతని చేతులు ఏం చేస్తున్నాయి నాయనా?

రసవాది, అంటే లోహాన్ని బంగారం చెయ్యాలని చూసేవాడు, ఒళ్ళొంచి పనిచేసేవాడు. ఖల్వం అనే రాతి కల్వంలో పాదరసం, గంధకం వేసి నూరుతాడు. తళతళా జారిపోయే పాదరసం నూరగా నూరగా కాటుకలా నల్లబడుతుంది. అందుకే దాన్ని కజ్జలి అన్నారు. (నువ్వు చేసి చూడబోకు, పాదరసం ఆవిరి విషం.) మన రసశాస్త్రం పాదరసానికి 18 సంస్కారాలు చెప్పింది. వాటి పేర్లు చూడు: స్వేదనం అంటే చెమట పట్టించడం, మూర్ఛనం అంటే స్పృహ తప్పించడం, ఉత్థాపనం అంటే మళ్ళీ లేపడం, దీపనం అంటే ఆకలి పుట్టించడం. ఆ తర్వాత దానికి లోహాన్ని ముద్దముద్దగా తినిపిస్తారు. మనిషిని సాకినట్టే. ఆ పాదరసాన్ని ముందు లోహం మీద పరీక్షించి, అది నెగ్గితేనే దేహానికి. అంటే బంగారం వాళ్ళకు పరీక్ష మాత్రమే, అసలు కావలసింది చావులేని ఒళ్ళు. నీ సిద్ధుడికి ఏది కావాలో నువ్వింకా తేల్చుకోలేదని నా అనుమానం.

వాళ్ళందరూ దొంగలు కారు. రాగిని రసకం అనే జింకు ఖనిజంతో కలిపి కాలిస్తే పచ్చగా మెరుస్తుంది. మనకది ఇత్తడి. ఎర్రటి లోహం కళ్ళముందే పచ్చబడితే, ఇంకొక్క పుటం, అంటే ఇంకొక్కసారి కాల్చడం, చాలనుకోడా మనిషి? చీమకుర్తిలో ఉండేవాడివి, నీకు చెప్పాలా! అక్కడి గెలాక్సీ గ్రానైట్‌లో బంగారంలా మెరిసే ఆ చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజమని తెలిసినా, కొత్తగా వచ్చినవాడు గోటితో గీకి చూడకుండా ఉంటాడా?

జర్మనీలో హాంబర్గ్‌లో హెన్నింగ్ బ్రాండ్ అనే ఆయన 1669లో మూత్రం కాచి బంగారం తియ్యబోతే, చీకట్లో వెలిగే ఫాస్ఫరస్ వచ్చింది. నేనైతే ఆ వెలుగు కంటే ముందు ఆ ఇంటి కంపు రాస్తాను.

దొంగలూ ఉన్నారులే. బోలు కడ్డీలో బంగారు రజను పెట్టి, కొస మైనంతో మూసి, దాంతో మూసలో, అంటే లోహం కరిగించే పాత్రలో, కలుపుతారు. మైనం కరిగితే బంగారం ప్రత్యక్షం. నా చిన్నప్పుడు మా ఇంటికొచ్చిన బైరాగీ అలాంటిదే చేసుంటాడు. చింతగింజంత బంగారం చూపించి, రెట్టింపు చేస్తానని అమ్మ కాసులపేరు కుండలో పెట్టి మట్టితో మూతి మూశాడు. ఇరవై ఒక్క రోజులు తెరవొద్దన్నాడు. రెండో రాత్రికే మనిషి లేడు. కుండలో గులకరాళ్ళు, బూడిద.

దాన్ని నేను మూడుసార్లు కథగా రాశాను, మూడుసార్లూ బైరాగినే నడిమధ్యన నిలబెట్టాను. ఒక్కటీ నిలవలేదు. నాన్న ఆ బూడిదను డాల్డా డబ్బాలో పోసి, అటక మీద చచ్చేదాకా దాచుకున్నాడన్న సంగతి రాయాలని నాకు తట్టనే లేదు. "అందులో ఏదన్నా ఉండొచ్చురా" అనేవాడు.

ఆయన పోయాక ఆ డబ్బా ఆచారి వీధికి పట్టుకుపోయాను. ఆచారి గారు చిటికెడు తీసి కడిగి చూసి, తల అడ్డంగా ఊపారు. ఇంటికి తెచ్చి అమ్మకు చెప్పాను. ఆమె ఏమీ అనలేదు. సాయంత్రం ఆ బూడిదతోనే ఇత్తడి చెంబు తోముతూ కనిపించింది.

వచ్చే ఆదివారం రా. కుంపటి దగ్గర ఒక పూట కూర్చుందువుగాని. కథ తిరగరాయడం ఆ తర్వాత.