తెర పక్కన నల్లపట్టీలు, మధ్యలో ఎర్ర లైటు: ‘వాండావిజన్’ మొదటి ఎపిసోడ్‌పై పాఠకుల ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలామటుకు ఒకే ఎపిసోడ్ గురించి. మార్వెల్ స్టూడియోస్ డిస్నీ ప్లస్ కోసం తీసిన తొలి సిరీస్ ‘వాండావిజన్’లో మొదటి భాగం అది. 2021 జనవరి 15న మొదటి రెండు ఎపిసోడ్లూ కలిపి వదిలారు. తర్వాత వారానికొకటి చొప్పున మార్చి 5 నాటికి తొమ్మిదీ పూర్తయ్యాయి.

చూడనివారికి కథ క్లుప్తంగా: మంత్రశక్తి ఉన్న వాండా, యంత్రమానవుడు విజన్ కొత్తగా పెళ్లయిన జంటగా వెస్ట్‌వ్యూ అనే ఊళ్లో కాపురం పెడతారు. తామెవరో ఇరుగుపొరుగుకు తెలియనివ్వరు. క్యాలెండర్‌లో ఒక తేదీ మీద గుండె బొమ్మ గీసి ఉంటుంది. అదెందుకో ఇద్దరికీ గుర్తుండదు. పెళ్లిరోజేమో అనుకుని వాండా ముస్తాబవుతుంది. తీరా చూస్తే అది విజన్ పనిచేసే ఆఫీసు బాస్ హార్ట్, ఆయన భార్య భోజనానికి రావాల్సిన రోజు. ఇదంతా 1950ల నాటి అమెరికా టీవీ కామెడీ పద్ధతిలో నలుపు తెలుపుల్లో నడుస్తుంది. రెండు జవాబుల్లో తర్వాతి కథ బయటపడుతుంది, అక్కడ ముందే హెచ్చరించాం.

మా 32 అంగుళాల టీవీలో బొమ్మకు రెండు పక్కలా నల్లపట్టీలు వస్తున్నాయి. రిమోట్‌తో సైజు మారిస్తే పట్టీలు పోతున్నాయి గానీ మనుషుల తలలు తెగుతున్నాయి. మెకానిక్‌ను పిలవాలా? పైగా అరగంట ఎపిసోడ్ అంటారు, కథ అంతకు ముందే అయిపోతుంది. – ఓ పాఠకురాలు, మిర్యాలగూడ

మెకానిక్ అక్కర్లేదండీ. ఆ పట్టీలు కావాలని పెట్టినవే. పాత టీవీల తెర వెడల్పు, ఎత్తు 4:3 పాళ్లలో ఉండేవి. ఇప్పటి టీవీ 16:9. మీ 32 అంగుళాల తెర సుమారు 71 సెంటీమీటర్ల వెడల్పు, 40 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. అందులో 4:3 బొమ్మ 53 సెంటీమీటర్లే ఆక్రమిస్తుంది కాబట్టి చెరో పక్కన దాదాపు 9 సెంటీమీటర్లు నలుపు మిగులుతుంది. జూమ్ పెడితే వెడల్పు నిండుతుంది గానీ బొమ్మ ఎత్తులో నాలుగో వంతు పోతుంది, తలలు తెగేది అందుకే.

పిక్చర్ సైజును 16:9లోనో, స్క్రీన్ ఫిట్‌లోనో ఉంచండి. పాత కార్యక్రమం కదా అని టీవీని 4:3కి మార్చవద్దు. ఆ పట్టీలు వీడియోలోనే కలిసి వస్తాయి, టీవీ దాన్ని ఇంకోసారి నొక్కితే మొహాలు సన్నబడతాయి.

సెట్టింగ్ సరిగ్గా ఉందో లేదో ఎపిసోడ్ ముగింపులోనే తెలిసిపోతుంది. చివరి షాట్‌లో ఎవరో ఒక మానిటర్ ముందు కూర్చుని ఇదే కార్యక్రమం చూస్తూ రాసుకుంటూ ఉంటారు. అక్కడ పక్క పట్టీలు తొలగి, బొమ్మ సినిమాస్కోప్‌లా విచ్చుకోవాలి. మీ టీవీలో అయితే పైనా కిందా సుమారు 5 సెంటీమీటర్ల చొప్పున నలుపు వస్తుంది. ఊరి లోపలి కామెడీ ఒక కొలతలో, బయటి ప్రపంచం ఇంకో కొలతలో తీశారు. సిరీస్ పొడుగునా ఇదే లెక్క. జూమ్ పెట్టుకుని చూసేవారికి ఈ మార్పే కనిపించదు.

నిడివి సంగతికొస్తే, చివరి ఆరేడు నిమిషాలు పనిచేసినవారి పేర్లే. మీ నెట్ తప్పేం లేదు.

మాటమాటకు నవ్వుడే. ఎవరు నవ్వుతుండ్రో కనబడరు. మా ఇంట్ల అందరికీ చిరాకొచ్చి బంద్ చేసినం. ఆ నవ్వులు రికార్డు పెట్టి వేసినయే కదా? – ఓ పాఠకుడు, దేవరకొండ

ఈ ఎపిసోడ్ వరకు రికార్డు నవ్వులు కావు. దర్శకుడు మ్యాట్ షాక్‌మన్ దీన్ని ప్రేక్షకులను ఎదురుగా కూర్చోబెట్టి రెండు రోజుల్లో చిత్రీకరించారు. సెట్ మీద సాంకేతిక సిబ్బంది కూడా 1950ల నాటి దుస్తులే వేసుకున్నారు. నటులు నవ్వు ఆగేదాకా ఒక క్షణం ఆగి తర్వాతి మాట అందుకోవడం జాగ్రత్తగా చూస్తే తెలుస్తుంది. ఎలిజబెత్ ఓల్సెన్, పాల్ బెటనీ ఇద్దరూ ఇక్కడ రంగస్థలం మీద చేసినట్టు చేశారు. నాటకం చూసి పెరిగినవారికి ఆ తేడా వెంటనే పట్టుబడుతుంది. రెండో ఎపిసోడ్ 1960ల పద్ధతి, అందులోవి మాత్రం మీరన్నట్టు అతికించిన నవ్వులే. రెండూ వరసగా విని చూడండి.

చిరాకు పడటంలో తప్పులేదు. మనకు అలవాటైన టీవీ కాదది. కానీ ఆ నవ్వులు ఎక్కడ ఆగిపోతాయో వినకుండా కట్టేస్తే ఎపిసోడ్‌లో అసలు సంగతే దాటిపోతుంది. కింది జవాబు చదివి మరోసారి పెట్టండి.

సూపర్ హీరో సిరీస్ అన్నారు. ఒక్క ఫైట్ లేదు, విలన్ లేడు. బాసు భోజనానికి వచ్చి వెళ్లిపోయాడు, అంతే. ఇందులో ఏముందని ఇంత గొప్పగా రాస్తున్నారు? – ఓ పాఠకుడు, వనపర్తి

ఉన్నదంతా ఆ భోజనాల బల్ల దగ్గరే ఉంది. హార్ట్ దంపతులు మామూలుగా ఎవరైనా అడిగే ప్రశ్నలే అడుగుతారు. ఎక్కడి నుంచి వచ్చారు, పెళ్లెప్పుడైంది, పిల్లలెందుకు లేరు? మొగుడూ పెళ్లాం ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. జవాబు లేదు. ఆయన గద్దిస్తాడు, అంతలో ముద్ద గొంతుకు అడ్డం పడుతుంది. ఆయన భార్య నవ్వుతూనే ‘ఆపు’ అంటుంది. మళ్లీ అంటుంది, మళ్లీ. నాలుగైదుసార్లు అయ్యేసరికి ఆమె పెదవుల మీద నవ్వు అలాగే ఉంటుంది గానీ గొంతులో బతిమాలుకోవడం వినిపిస్తుంది. ఆ మాట భర్తతో అంటోందా, వాండాతోనా?

అప్పటిదాకా కెమెరా ప్రేక్షకుల వరసలోంచి చూస్తున్నట్టు దూరంగా ఉండేది. ఇక్కడ ఒక్కసారిగా మొహాల మీదికి వస్తుంది. నవ్వులు ఆగిపోతాయి. వాండా చెప్పాకే విజన్ కదులుతాడు, ఆయన గొంతులోకి చెయ్యి పోనిచ్చి ముద్ద బయటికి తీస్తాడు. వెంటనే అందరూ ఏమీ జరగనట్టు వీడ్కోళ్లు చెప్పుకుంటారు. కొట్లాట లేకుండా ఇంత భయం పుట్టించిన ఎపిసోడ్లు సూపర్ హీరో సిరీసుల్లో తక్కువ. హార్ట్ గారి భార్యగా డెబ్రా జో రప్ చేసిన ఆ అర నిమిషం నటన కోసమైనా దీన్ని చూడాలి.

మీ ఫిర్యాదులో ఒక మాట మాత్రం నిజం. ఈ ఒక్కటే చూసి ఆపేస్తే అసంపూర్తిగా అనిపిస్తుంది. రెండు ఎపిసోడ్లూ ఒకేరోజు వదలడం అందుకే మంచిదయింది. మీరూ రెండూ కలిపి చూసి అప్పుడు తీర్పు చెప్పండి.

మధ్యలో టోస్టర్ ప్రకటన వచ్చింది. కథకు దానికి సంబంధం ఉందా? – ఓ పాఠకురాలు, సూర్యాపేట

ఉంది. (సిరీస్ మొత్తం చూడనివారు ఈ జవాబు వదిలేయండి.) ఆ టోస్టర్ తయారుచేసింది స్టార్క్ ఇండస్ట్రీస్, అంటే ఐరన్‌మ్యాన్ కంపెనీ. రొట్టె కాలుతున్నంతసేపూ దాని లైటు బీప్ బీప్‌మంటూ ఎర్రగా వెలుగుతుంది. ఎపిసోడ్ మొత్తంలో కనిపించే మొదటి రంగు అదే. 2015లో వచ్చిన ‘అవెంజర్స్: ఏజ్ ఆఫ్ అల్ట్రాన్’లో వాండా, ఆమె కవల అన్న చిన్నప్పటి సంగతి చెబుతారు: ఇంటి మీద బాంబు పడి తల్లిదండ్రులు పోయారు, పేలని రెండో బాంబు ఎదురుగా ఇద్దరూ రెండు రోజులు శిథిలాల కింద ఉండిపోయారు, దాని మీద స్టార్క్ పేరుంది. ఎనిమిదో ఎపిసోడ్ ఆ రాత్రిని చూపిస్తుంది. అది చూశాక మళ్లీ వెనక్కి వచ్చి ఈ టోస్టర్ చూడండి.

మా డిగ్రీ కాలేజీ వార్షికోత్సవానికి పది నిమిషాల నలుపు తెలుపు సూపర్ హీరో వీడియో ఫోనుతో తీస్తున్నాం. హీరోకి ఎర్ర రంగు పూస్తే మొహం నల్లగా వచ్చింది. వాండా వంటింట్లో ప్లేట్లు గాల్లో తిరిగినట్టు చేయాలని కూడా ఉంది. – విద్యార్థులు, నాగర్‌కర్నూల్

మీకొచ్చిన చిక్కే వాళ్లకూ వచ్చింది. విజన్ మొహం అసలు ముదురు ఎరుపు. నలుపు తెలుపులో అది మరీ నల్లబడుతుందని ఆ ఎపిసోడ్లలో పాల్ బెటనీకి నీలం రంగు పూశారు.

కారణం లెక్కలో ఉంది. రంగును బూడిద ఛాయగా మార్చేటప్పుడు సాధారణంగా ఆకుపచ్చకు 59, ఎరుపుకు 30, నీలానికి 11 పాళ్ల వెలుగు ఇస్తారు. కాబట్టి కుంకుమ దాదాపు నల్లగా, పసుపు దాదాపు తెల్లగా వస్తాయి. నీలం అన్నాం కదా అని ముదురు నీలం పూశారో, ఎరుపు కన్నా ఇంకా నల్లగా వస్తుంది. తెలుపు బాగా కలిపిన లేత నీలం కావాలి. తెలుపు పాలు తగ్గిస్తూ నాలుగు ఛాయలు కలిపి తెల్లగుడ్డ మీద చారలుగా పూయండి. పక్కన రంగు పూయని చెయ్యి పెట్టి, షూటింగ్‌కు వాడే లైట్ల కిందే ఫోనులోని మోనో (నలుపు తెలుపు) ఫిల్టర్‌తో ఫొటో తీయండి. చర్మం కన్నా ఒక మెట్టు తేడాగా ఉన్న ఛాయ ఎంచుకోండి. మొహానికి వేసే నీటి రంగులే కొనండి, గోడల రంగులూ హోలీ రంగులూ వద్దు. ముందురోజే మోచేతి లోపలివైపు కొంచెం రాసి, దురద వస్తుందేమో చూసుకోండి.

బట్టలకూ ఇదే పరీక్ష. ఆకుపచ్చ చీరకు ఎర్ర అంచున్న నారాయణపేట చీర కంటికి ఎంత ఇంపుగా ఉన్నా, రెండు రంగులూ సమాన ముదురులో ఉంటే వీడియోలో అంచు చీరలో కలిసిపోతుంది. లేత ఒంటికి ముదురు అంచున్నది తీసుకోండి.

అసలు షూటింగ్ రంగుల్లోనే చేయండి, ఎడిటింగ్‌లో నలుపు తెలుపుకు మార్చండి. రంగు పూయని మొహం ముదురుగా వస్తే ఎరుపు పాలు, నీలం పూసిన మొహమైతే నీలం పాలు పెంచి సరిదిద్దుకోవచ్చు, మోనోలో తీసేస్తే ఆ వీలుండదు. ట్యూబ్‌లైటు కింద మినుకుమినుకుమంటే ఫోను ప్రో మోడ్‌లో సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ లెక్కకు అదురు రాదు. 4:3లో కావాలంటే ఫోను అడ్డంగా పట్టుకుని, బొమ్మ వెడల్పులో ఎనిమిదో వంతు చొప్పున రెండు పక్కలా తెర మీద టేపు అంటించండి. ఆ గీతల లోపలే మనుషులను నిలబెట్టి, తర్వాత పక్కలు కత్తిరించండి.

ఇక ప్లేట్లు. ఆ ఎపిసోడ్‌లోనూ తీగలు కట్టి ఆడించారు. మాయాబజార్ నాటకంలో సురభి వారు తరతరాలుగా చేస్తున్న పని అది. వారి ప్రదర్శన దొరికితే ముందు వెళ్లి చూడండి, మీకు ఏ వీడియో పాఠం నేర్పనంత నేర్పుతుంది. మీరు 0.25 మిల్లీమీటర్ల నైలాన్ గాలం దారం తెచ్చుకోండి. స్టీలు ప్లేటు వద్దు, అట్ట ప్లేటుకు వెండిరంగు కాగితం అతికిస్తే చాలు. ఒక్క దారంతో వేలాడదీస్తే ప్లేటు గిర్రున తిరుగుతూనే ఉంటుంది. అంచున సమదూరంలో మూడు రంధ్రాలు పొడిచి, మూడు దారాలనూ ఒక చిన్న అడ్డపుల్లకు కట్టండి. ఆ పుల్ల రెండు కొసల నుంచీ రెండు దారాలు పైనున్న వెదురు కర్రకు పోవాలి. కర్ర పట్టుకునే మనిషి స్టూలు మీద, ఫ్రేము బయట ఉండాలి.

దారం కనబడిపోయేది ఎక్కువగా వెలుగు వల్ల. వెనక నుంచి లైటు పడితే గీత మెరుస్తుంది. లైటును కెమెరా వైపు నుంచే ఇవ్వండి, దారానికి నల్ల మార్కర్ రాయండి, వెనక సాదా గోడ కాకుండా పూల డిజైను పరదా కట్టండి. సీలింగ్ ఫ్యాన్ తప్పకుండా ఆపాలి. ఊగడం ఒకటైతే, దారం రెక్కలకు చుట్టుకుంటే ప్రమాదం. ఒక్కో షాట్ ఐదారు సెకన్లకు మించనివ్వకండి. మనుషులను మాత్రం ఏ దారంతోనూ వేలాడదీయవద్దు.

ముందు ఏ సినిమాలు చూడాలి? అన్నీ చూసే ఓపిక లేదు. – ఓ పాఠకుడు, గద్వాల

నాలుగు చాలు: ఏజ్ ఆఫ్ అల్ట్రాన్ (2015), కెప్టెన్ అమెరికా: సివిల్ వార్ (2016), ఇన్ఫినిటీ వార్ (2018), ఎండ్‌గేమ్ (2019). రెండే చూస్తానంటే మొదటిదీ, మూడోదీ. విజన్‌కు ఏమైందో మూడోదానిలో ఉంది. అది తెలియకపోతే ఈ కాపురం మీకు వింతగా అనిపించదు.

చివరి ఎపిసోడ్ ఈ మొదటిదానికి తగ్గట్టు ఉందా? – ఓ పాఠకురాలు, నల్లగొండ

లేదనే మా అభిప్రాయం. (సిరీస్ మొత్తం చూడనివారు ఈ జవాబూ వదిలేయండి.) తొమ్మిదో ఎపిసోడ్‌లో చాలాసేపు ఆకాశంలో ఎర్ర మెరుపులు, ఊదా మెరుపులు కొట్టుకుంటాయి. అలాంటి పోరాటం ఇంకో పది సినిమాల్లో దొరుకుతుంది. అందులో నిలబడేవి రెండు: గ్రంథాలయంలో ఇద్దరు విజన్ల వాదన, ఇంటి దగ్గర భార్యాభర్తల వీడ్కోలు. అమెరికా టీవీ పురస్కారాలైన ఎమ్మీలకు 2021లో ఈ సిరీస్ 23 నామినేషన్లు పొంది మూడు గెలిచింది. ఆ మూడూ కళాదర్శకత్వానికి, దుస్తులకు, ఏడో ఎపిసోడ్‌లోని పాటకు వచ్చాయి. ఒక్కో దశాబ్దాన్నీ ఇల్లూ బట్టలూ పాటలతో నిలబెట్టినవారికి ఆ గుర్తింపు న్యాయమే. ఈ మొదటి ఎపిసోడ్‌లోని వంటిల్లు, సోఫా, పరదాలు ఒకసారి కథ పట్టించుకోకుండా చూడండి, తర్వాత ఐదో ఎపిసోడ్‌లోని 1980ల ఇల్లు పక్కన పెట్టి పోల్చండి.